ఏలూరు హోల్‌సేల్ షాపుకి ఏ సాఫ్ట్‌వేర్: టాలీయా, ఈఆర్‌పీయా, సొంతంగా రాయించుకోవాలా?

ప్రశ్న: మాది ఏలూరు. పైపులు, ఫిట్టింగులు, వైర్లు, శానిటరీ సామాన్లు హోల్‌సేల్‌గానూ రిటైల్‌గానూ అమ్ముతాం. నాన్నగారు పెట్టిన షాపు, ఇప్పుడు అన్నయ్యా నేనూ చూస్తున్నాం. తాడేపల్లిగూడెంలో రెండో షాపు తెరిచాం, సత్తుపల్లిలో మూడోది పెట్టాలని ఆలోచన. టర్నోవర్ 9 కోట్లకు దగ్గర్లో ఉంది. ఏలూరులో ఒక్క కంప్యూటర్‌లో టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. గూడెంలో వేరే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడి, వారానికోసారి ఎక్సెల్ పంపుతారు. లైన్ మీద, అంటే ఊరూరా షాపులకు తిరిగే కుర్రాళ్లు ఆర్డర్లు వాట్సాప్‌లో పెడతారు. ఏ సరుకు ఎక్కడ ఎంతుందో ఎవరికీ తెలియడం లేదు. ఒక సంస్థ మా కోసమే సాఫ్ట్‌వేర్ రాసిస్తామని 12 లక్షలు చెప్పింది. ఇంకొకరు ఈఆర్‌పీ, అంటే లెక్కలు, స్టాకు, ఆర్డర్లు అన్నీ ఒకే చోట నడిపే పెద్ద సాఫ్ట్‌వేర్ పెట్టమంటున్నారు. మా ఆడిటర్ గారు టాలీ చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

సమాధానం:

మీ ఆడిటర్ గారి మాట చాలావరకు నిజమే. అయితే ఆయన చూసేది లెక్కలు, రిటర్నులు. మీ తలనొప్పి గోడౌన్‌లో ఉంది, అది ఆయన బల్ల మీదకి రాదు. 12 లక్షలు చెప్పినవాళ్లకేమో ఆ తలనొప్పి ఒక్కటే కనిపించింది, దాంతో లెక్కలు కూడా మళ్లీ మొదటి నుంచి రాసేస్తామంటున్నారు. అక్కడే ఆగండి.

ముందు మీ పనుల్ని రెండుగా విడదీసుకోండి. లెడ్జర్లు, జీఎస్టీ రిటర్నులు, ఇ-ఇన్‌వాయిస్, ఇ-వే బిల్లు, బ్యాంకు లెక్క సరిచూసుకోవడం లాంటివి మీ వీధిలో ప్రతి షాపూ ఒకేలా చేస్తుంది. వీటి కోసం ఎవరి చేతా సాఫ్ట్‌వేర్ రాయించుకోవద్దు. రాయడం కష్టమని కాదు. ఈ నియమాలు మార్చేది ప్రభుత్వం, మార్చినప్పుడల్లా మీ ప్రోగ్రామ్‌ని ఎవరో ఒకరు దిద్దాలి. ఇ-ఇన్‌వాయిస్ సంగతే చూడండి, అంటే బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో పెట్టి దానికో నంబర్ తెచ్చుకోవడం. 2020 అక్టోబర్‌లో 500 కోట్లు దాటిన కంపెనీలకు మొదలైంది, అంచెలంచెలుగా దిగుతూ 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లు దాటినవాళ్లందరికీ వచ్చింది, అంటే మీకూ. 2025 ఏప్రిల్ 1 నుంచి 10 కోట్లూ ఆపైన ఉన్నవాళ్లు బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోపు పోర్టల్‌లో పెట్టకపోతే అసలు తీసుకోదు. మీరు ఆ గీతకి కోటి దూరంలో ఉన్నారు. 2025 సెప్టెంబర్ 22న సిమెంటు 28 శాతం నుంచి 18కి దిగినట్టు, ఒక తేదీ నుంచి రేట్లు మారిపోతాయి. టాలీ, జోహో లాంటి సంస్థలకు ఇలాంటి మార్పులు చేయడానికి పెద్ద టీములున్నాయి. మీకు రాసిచ్చే సంస్థలో ఆ పని తెలిసిన కుర్రాడు ఒక్కడే ఉంటాడు. అతనికి బెంగళూరులో ఉద్యోగం వస్తే మీకు టెన్షన్ మొదలవుతుంది.

ఒకప్పుడు మన ఊళ్లలో చాలా షాపులు ఫాక్స్‌ప్రో అనే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో బిల్లింగ్ రాయించుకునేవి. బాగానే పనిచేసేవి, నేనూ కొన్ని చూసుకున్నాను. మైక్రోసాఫ్ట్ 2015 జనవరితో దానికి సపోర్టు పూర్తిగా ఆపేసింది, 2017 జూలైలో జీఎస్టీ వచ్చింది. రాసినవాళ్లు దొరికిన షాపులు ఎలాగో నెట్టుకొచ్చాయి. దొరకని షాపులు పాత డేటా పాత కంప్యూటర్‌లోనే వదిలేసి, బాకీలు చేత్తో రాసుకుని కొత్తగా మొదలుపెట్టాయి.

రెండో రకం, మీ వ్యాపారానికే ప్రత్యేకమైన పనులు. మీ లైన్లో అవి నాకు తెలిసినంతలో మూడు.

మొదటిది రేట్లు. మీరు పైపు అమ్మేది ఒక ధరకి కాదు, కంపెనీ లిస్ట్ ధర మీద డిస్కౌంట్‌కి. ఒక మేస్త్రీకి 38 శాతం, ఒక షాపుకి 42, ఇంకొకరికి 42 మీద మళ్లీ 3. ప్లాస్టిక్ ముడిసరుకు ధర కదిలితే పైపుల లిస్ట్, రాగి కదిలితే వైర్ల లిస్ట్ మారిపోతుంది. నెట్ రేటు మాత్రమే దాచుకునే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో లిస్ట్ మారినప్పుడల్లా వేల ఐటమ్‌లు చేత్తో మార్చాలి. గూడెంలో వాడుతున్నది అలాంటిదేనేమో చూడండి. అదే అయితే అక్కడ ఇచ్చే రేటుకీ ఏలూరులో ఇచ్చే రేటుకీ తేడా ఉంటుంది, కస్టమర్లు ఇప్పటికే కనిపెట్టి ఉంటారు.

రెండోది తిరిగొచ్చే సరుకు. కాంట్రాక్టర్ ఖాతా మీద సరుకు తీసుకెళ్తాడు, పని అయిపోయాక మిగిలిన ఎల్బోలు, టీలు, సగం కాయిల్ వెనక్కి తెస్తాడు. నాలుగు నెలల క్రితం ఏ బిల్లులో ఏ రేటుకి ఇచ్చారో చూసి అదే రేటుకి వెనక్కి తీసుకోవాలి. ఇవ్వాళ్టి రేటుకి తీసుకుంటే ధర పెరిగిన ప్రతిసారీ మీకు నష్టం, అతనికి లాభం. దీనికి క్రెడిట్ నోట్, అంటే పాత బిల్లులో ఆ మేరకు తగ్గించే కాగితం వేయాలి. అతనికి జీఎస్టీ నంబర్ ఉంటే ఆ నోట్‌కి కూడా ఇ-ఇన్‌వాయిస్ నంబర్ కావాలి. పాత ఆర్థిక సంవత్సరం బిల్లు అయితే ఆ సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 దాటితే కట్టిన పన్ను తగ్గించుకోలేరు. మీలాంటి షాపుల్లో డబ్బు ఎక్కువగా కారిపోయేది ఇక్కడే అని నా అభిప్రాయం, ఎందుకంటే కౌంటర్ దగ్గర రద్దీలో పాత బిల్లు వెతికే ఓపిక ఎవరికీ ఉండదు.

మూడోది లైన్ ఆర్డర్లు, వసూళ్లు. దీనికి రెడీమేడ్ యాప్‌లు చాలా ఉన్నాయి. వెతికితే దొరుకుతాయి.

ఇప్పుడు మీ దగ్గరున్న టాలీ సంగతి. ఏళ్ల తరబడి వాడుతూ దాన్ని బిల్లు కొట్టే యంత్రంగానే చూసినవాళ్లే ఎక్కువ. మీ గుమాస్తా గారిని పక్కన కూర్చోబెట్టుకుని ఎఫ్11 నొక్కి చూడండి. గోడౌన్లవారీగా స్టాకు, కాయిల్‌లో కొని మీటర్లలో అమ్మడానికి ప్రత్యామ్నాయ యూనిట్లు, ఒక్కో రకం కస్టమర్‌కి ఒక్కో రేట్ల పట్టిక, పార్టీవారీగా అప్పు పరిమితి, ఇంత కంటే తగ్గితే ఆర్డర్ పెట్టమని హెచ్చరిక: ఇవన్నీ అందులో ఉన్నాయి. కొన్ని అక్కడే ఆన్ చేయాలి, కొన్ని ఐటమ్‌లోనో పార్టీ లెడ్జర్‌లోనో నింపాలి. 12 లక్షల కొటేషన్‌లో ‘మాడ్యూల్స్’ అని రాసినవాటిలో సగం ఇవే అయి ఉంటాయి, పోల్చి చూడండి.

లేనిదల్లా రెండు షాపులు ఒకే డేటా మీద పనిచేయడం. దానికి ఒకరే వాడే లైసెన్స్ తీసి పలువురు వాడే లైసెన్స్ తీసుకుని, డేటాని అద్దె సర్వర్‌లో పెట్టి రెండు షాపుల నుంచీ అందులోకి లాగిన్ అవడం మామూలు పద్ధతి. ఏలూరులో బిల్లు పడగానే గూడెంలో స్టాకు తగ్గిన లెక్క కనిపిస్తుంది. ఇబ్బంది ఒక్కటే, నెట్ పోతే బిల్లింగ్ ఆగుతుంది. ప్రతి షాపులో వేరే కంపెనీ సిమ్‌తో ఒక హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి. అంతకంటే ముందు, ఇవ్వాళే చూడాల్సింది ఇంకోటి ఉంది. రెండు షాపులకూ జీఎస్టీ నంబర్ ఒకటే అయితే, ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకే బిల్లు నంబర్ రెండుసార్లు రాకూడదు. రెండు సాఫ్ట్‌వేర్లలోనూ బిల్లులు 1 నుంచి మొదలవుతుంటే వెంటనే ఒకదానికి ఇఎల్, ఇంకోదానికి టీజీ అని ముందు తగిలించండి. మొత్తం 16 అక్షరాలు దాటకూడదు. ఇంకో సంగతి, జీఎస్టీ ఉన్న షాపులకు గూడెం నుంచి వెళ్లే బిల్లులు వారానికోసారి ఎక్సెల్‌లో వచ్చాక ఇ-ఇన్‌వాయిస్ చేస్తున్నారంటే అది సరైన పద్ధతి కాదు. ఆ నంబర్ లేని బిల్లు చట్టం దృష్టిలో బిల్లే కాదు. కొన్నవాళ్ల ఇన్‌పుట్ క్రెడిట్‌కి (కొన్నప్పుడు కట్టిన పన్నుని తమ పన్నులో తగ్గించుకోవడానికి) ఇబ్బంది వస్తుంది, తర్వాత వాళ్లు మీ దగ్గర కొనడం మానేస్తారు.

తిరిగొచ్చే సరుకు కోసం మాత్రం కొంచెం రాయించుకోవచ్చు. టాలీకి అనుబంధంగా, దాని సొంత ప్రోగ్రామింగ్ భాష టీడీఎల్‌లో చిన్న ప్రోగ్రామ్‌లు రాసే వాళ్లు విజయవాడలో, రాజమండ్రిలో ఉంటారు. మీకు కావాల్సింది ఒక్క స్క్రీన్: కాంట్రాక్టర్ పేరూ ఐటమూ కొడితే, అతను ఆ సరుకు ఏ తేదీల్లో, ఏ బిల్లుల్లో, ఎంత డిస్కౌంట్‌కి కొన్నాడో, అందులో ఇప్పటికే ఎంత వెనక్కి ఇచ్చాడో చూపించి, అక్కడి నుంచే క్రెడిట్ నోట్ తయారు చేయాలి. దీనికయ్యేది లక్షల్లో ఉండదు. రేపు ఇది నచ్చకపోతే తీసేసినా మీ లెక్కలకు ఏమీ కాదు. సొంతంగా రాయించుకోవడం అంటే నా ఉద్దేశంలో ఇంతే: మీకే ఉన్న ఒక పని, ఒక స్క్రీన్, తీసేస్తే మిగతాది కదలకూడదు.

ఈఆర్‌పీ మాటకొస్తే, చెడ్డదని అనను. ఈఆర్‌పీనెక్స్ట్ ముంబైలో పుట్టినది, ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ అందుబాటులో ఉండేది), లైసెన్స్ ఫీజు లేదు, జీఎస్టీ కూడా బాగా చేస్తుంది. అలాంటిదే ఓడూ అని ఇంకో ఈఆర్‌పీ కూడా ఉంది. ఫీజు లేదంటే ఖర్చు లేదని కాదు, దాన్ని చూసుకునే మనిషి కావాలి. మీకున్న అసలు ఇబ్బంది మనుషులే. టాలీ తెలిసిన గుమాస్తా ఏలూరులో ఒక ప్రకటన ఇస్తే వారంలో దొరుకుతాడు. ఈఆర్‌పీనెక్స్ట్ తెలిసినవాడు దొరకడు, హైదరాబాద్ నుంచి ఫోన్లో మాట్లాడాలి. మీరే సొంతంగా ఫిట్టింగులు తయారు చేయడం మొదలుపెడితేనో, నాలుగైదు గోడౌన్లు, వాటికి వేర్వేరు మేనేజర్లు వచ్చి ఎవరు ఏ ఆర్డర్‌ని ఆమోదించారో చూడాల్సి వస్తేనో అప్పుడు ఆలోచించండి. జోహో లాంటి నెలవారీ క్లౌడ్ సాఫ్ట్‌వేర్ వాడుకకి హాయిగానే ఉంటుంది. ఇప్పుడే షాపు పెట్టే వాళ్లకి నేను అదే చెప్తాను. కానీ ఇన్నేళ్ల టాలీ డేటా, అలవాటైన గుమాస్తా ఉన్న మీకు మారడం వల్ల కలిసొచ్చేది తక్కువ.

ఈఆర్‌పీ పెట్టినా ఒక్క షరతు: మీ పద్ధతికి తగ్గట్టు దాన్ని కోసి కుట్టించకండి. జర్మనీ సూపర్ మార్కెట్ సంస్థ లిడ్ల్ 2011లో ఎస్ఏపీ అనే పెద్ద ఈఆర్‌పీతో పని మొదలుపెట్టి, దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాక 2018లో మొత్తం పక్కన పడేసింది. బయటికొచ్చిన కారణాల్లో ఒకటి వింటే ఆశ్చర్యపోతారు. లిడ్ల్ తన స్టాకుని కొన్న ధరకి లెక్కేసుకుంటుంది, ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా అమ్మే ధరకి లెక్కేస్తుంది. సంస్థ తన అలవాటు మార్చుకోనంది, సాఫ్ట్‌వేర్‌ని మార్చబోయారు, ఒకటి మారిస్తే పది కదిలాయి.

ఇక నేను ఎక్కువ చెప్పాలనుకుంటున్నది మీరు అడగని దాని గురించి.

‘ఏ సరుకు ఎక్కడ ఎంతుందో ఎవరికీ తెలియదు’ అన్నారు. అది ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా తీరదు, ఐటమ్‌ల జాబితా బాగుచేస్తేనే తీరుతుంది. మీ టాలీలో స్టాక్ ఐటమ్‌లు తెరిచి ‘ఎల్బో’ అని వెతకండి. ‘సీపీవీసీ ఎల్బో 20 ఎంఎం’, ‘ఎల్బో 3/4’, ‘ముప్పావు ఎల్బో’, ‘20 ఎల్బో సీపీ’ అని నాలుగు పేర్లతో ఒకే సరుకు ఉంటుంది. కొన్నప్పుడు ఒక పేరు మీద, అమ్మినప్పుడు ఇంకో పేరు మీద ఎక్కిస్తారు. దాంతో ఒకదాని కింద 600 మిగిలినట్టు, ఇంకోదాని కింద మైనస్ 580 ఉన్నట్టు కనిపిస్తుంది. టాలీ మైనస్ స్టాకుని ఆపదు, హెచ్చరిక పెట్టుకోవాలి. ఈ డేటాని 12 లక్షల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే, ఇంట్లో చెత్తని ఒక గది నుంచి ఇంకో గదికి మార్చినట్టే.

కాబట్టి మొదటి నెలా రెండు నెలలు ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీతోనూ మాట్లాడకండి. అన్నయ్య గారు కానీ మీరు కానీ, సరుకు బాగా తెలిసిన పాత మనిషి ఒకరు, కంప్యూటర్ తెలిసిన కుర్రాడు ఒకడు, ముగ్గురు కూర్చోండి. పేరు పెట్టే వరుస ఒకటి ఖరారు చేసుకోండి: కంపెనీ, రకం, వస్తువు, సైజు ఎంఎంలో. అంగుళాలు నోటితో అనుకోండి, రాతలో మాత్రం వద్దు. కొత్త ఐటమ్ తెరిచే అనుమతి ఒక్కరికే ఇవ్వండి, మిగతావాళ్లకి తీసేయండి. ఈ ఒక్క పని చేయని షాపు, రెండేళ్లలో మళ్లీ మొదటికొస్తుంది. పాత పేర్లలో కదలనివి ఉంటే కొట్టేయకుండా ముందు ‘వాడొద్దు’ అని గుర్తు పెట్టండి, పాత బిల్లులు వాటి మీదే ఉంటాయి.

తర్వాత లెక్కింపు. షాపు మొత్తం మూసి లెక్కపెట్టడం మీ లైన్లో జరగని పని. విలువ ఎక్కువున్నవి ముందు: వైర్లు, కుళాయిల్లాంటి క్రోమ్ పూత ఫిట్టింగులు, మోటార్లు. రోజూ పొద్దున షాపు తెరవకముందు ఒక ర్యాక్ చొప్పున. చిల్లర స్క్రూలు, వాషర్లు చివర్లో చూసుకోవచ్చు, వాటిని అసలు స్టాకులో పెట్టకుండా కొన్న నెలలోనే ఖర్చు కింద రాసేయొచ్చా అని మీ ఆడిటర్ గారిని అడగండి. వైర్ల తేడా మాత్రం నిర్లక్ష్యం చేయకండి. లెక్కలో రాని కాయిల్‌కి రెండే కారణాలుంటాయి, పేరు తప్పో మనిషి తప్పో. పేర్లు బాగుచేశాక కూడా తేడా వస్తే ఏంటో మీకే అర్థమవుతుంది. అందుకే బిల్లు కొట్టినవాళ్లకే దాన్ని తుడిచేసే అనుమతి ఉండకూడదు. ఇందులో ఎవర్నీ అనుమానించడం ఏమీ లేదు, పొరపాటు జరిగినా ఎవరి లాగిన్‌లో జరిగిందో తెలుస్తుంది. రేపు బ్యాంకు లోన్ కోసం ప్రైవేట్ లిమిటెడ్ చేయాల్సొస్తే, 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలకు ఏ ఎంట్రీని ఎవరు ఎప్పుడు మార్చారో చూపించే, ఆపడానికి వీల్లేని రికార్డు ఉన్న అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తప్పనిసరి. సొంతంగా రాసిస్తామన్నవాళ్లని దీని గురించి అడిగి చూడండి, కొందరు మొదటిసారి వింటారు.

సత్తుపల్లి గురించి. ఏలూరుకి అది గూడెంలాగే దగ్గరి ఊరు అనిపిస్తుంది, కానీ తెలంగాణ. అక్కడికి వేరే జీఎస్టీ నంబర్ తీసుకోవాలి. ఏలూరు నుంచి గూడెంకి సరుకు డెలివరీ చలాన్ మీద పంపొచ్చు, విలువ 50 వేలు దాటితే ఇ-వే బిల్లు చాలు. సత్తుపల్లికి మీ సొంత సరుకు పంపినా చట్టం దాన్ని అమ్మకంలాగే చూస్తుంది. ఐజీఎస్టీతో (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్నుతో) టాక్స్ ఇన్‌వాయిస్, దానికి ఇ-ఇన్‌వాయిస్, అక్కడ ఇన్‌పుట్ క్రెడిట్. కొత్త టాలీ ప్రైమ్‌లో ఒకే కంపెనీ కింద రెండు రాష్ట్రాల జీఎస్టీ నంబర్లు పెట్టుకోవచ్చు. 12 లక్షల వాళ్ల కొటేషన్‌లో ‘మల్టీ బ్రాంచ్’ అని ఉంటుంది. అది ఒకే రాష్ట్రంలో బ్రాంచీలకా, వేర్వేరు రాష్ట్రాలకా అని అడగండి.

ఇన్ని చెప్పినా చిన్నదో పెద్దదో రాయించుకుంటారనుకుందాం. కాగితం సంగతి ముందు చూసుకోండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, బయటి సంస్థ చేత రాయించిన ప్రోగ్రామ్‌కి డబ్బు మీరిచ్చినా హక్కు మామూలుగా రాసినవాళ్లదే. రాతపూర్వకంగా మీ పేరున బదిలీ చేస్తేనే మీది అవుతుంది. ఆ కాగితంలో ఎంత కాలానికో రాయకపోతే ఐదేళ్లకే అని లెక్క, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. కాబట్టి శాశ్వతంగా, సోర్స్ కోడ్‌తో (ప్రోగ్రామర్ రాసిన అసలు రాతతో) సహా అని రాయించండి. ఆ సోర్స్ కోడ్ మీ చేతికి వచ్చాకే చివరి వాయిదా ఇవ్వండి. ఏటా మెయింటెనెన్స్ పేరుతో 15 నుంచి 20 శాతం అడగడం మామూలు, 12 లక్షల మీద అది ఎంతో వేసి చూడండి. నెలవారీ సాఫ్ట్‌వేర్ అయితే అడగాల్సింది వేరు: మూడేళ్ల తర్వాత మానేస్తే బిల్లులు, బాకీలు, స్టాకు అన్నీ ఎక్సెల్‌లో బయటికి వస్తాయా, డబ్బు కట్టడం ఆపాక ఎన్నాళ్లు చూడనిస్తారు? మీరు లెక్కల పుస్తకాలు ఏళ్ల తరబడి దాచాలి, కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

మారే సమయం కూడా చూసుకోండి. అమెరికాలో హెర్షీ చాక్లెట్ కంపెనీ 1999లో కొత్త సాఫ్ట్‌వేర్‌ని, చాక్లెట్లు బాగా అమ్ముడయ్యే హాలోవీన్ పండగ ఆర్డర్లు వచ్చే ముందు మొదలుపెట్టింది. గోడౌన్లలో సరుకు ఉండి కూడా దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయింది. మీకు సీజన్ సంక్రాంతి తర్వాత నుంచి ఎండాకాలం చివరి దాకా. ఖాతాలు ఏప్రిల్ 1న మారడం శుభ్రంగానే ఉంటుంది, కానీ ఆ నెలలో గూడెం కౌంటర్‌ని కొత్త స్క్రీన్ మీద నిలబెట్టకండి. స్టాకూ బిల్లింగూ ఆషాఢంలో మార్చండి. శంకుస్థాపనలు ఉండవు, వానలు, కుర్రాళ్లు ఖాళీగా ఉంటారు. మొదట గూడెం, అది రెండు నెలలు సాఫీగా నడిచాక ఏలూరు. పెద్ద షాపుతో మొదలుపెట్టకండి.

చివరగా డెమో. వాళ్లు తెచ్చే డేటాతో చూపించే డెమో ఎప్పుడూ అందంగానే ఉంటుంది. మీరు మీ షాపులో బాగా చిక్కుపడ్డ బిల్లులు పది తీసి ఫోల్డర్‌లో పెట్టుకోండి: నాలుగు నెలల తర్వాత తిరిగొచ్చిన సగం కాయిల్, మధ్యలో లిస్ట్ ధర మారిన ఆర్డర్, ఏలూరులో బిల్లు చేసి గూడెం గోడౌన్ నుంచి ఇచ్చిన పైపులు, సగం నగదు సగం అప్పు, అప్పు పరిమితి దాటినా మీరు ఫోన్లో సరే అన్న పార్టీ. టాలీ పార్ట్‌నర్ అయినా, ఈఆర్‌పీ వాళ్లయినా, 12 లక్షల వాళ్లయినా సరే, మీ గుమాస్తా గారు పక్కనుండగా ఆ పది బిల్లులూ మీ ముందే కొట్టి చూపించమనండి. ‘అది తర్వాత చేసిస్తాం’ అన్నవాటిని ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, కొటేషన్‌కి పిన్ చేయించండి.